బెంగళూరు చుట్టుపక్కల కొండలెక్కాలనుకునే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శుక్రవారం సాయంత్రమైతే చాలు, నా ఫోనుకి ఒకేలాంటి మెసేజీలు వస్తాయి. "అన్నా, రేపు స్కందగిరి వెళ్దామనుకుంటున్నాం, టికెట్ ఏమైనా కావాలా?" అని ఒకరు. "ఊరినుంచి అక్కావాళ్లు వచ్చారు, పిల్లలు ఎక్కగలిగే కొండ ఒకటి చెప్పు" అని ఇంకొకరు. ఆఫీసు క్యాంటీన్‌లో ఇవే ప్రశ్నలు, అపార్ట్‌మెంట్ లిఫ్టులోనూ ఇవే. విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒక ముఖ్యమైన మాట మర్చిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాశాను. వరసగా చదవనక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొండ ఎంచుకునేటప్పుడు

బెంగళూరు చుట్టూ నిజంగా కొండలున్నాయా? ఎంత దూరం వెళ్లాలి?

చాలా ఉన్నాయి. 50 నుంచి 70 కిలోమీటర్ల లోపలే ఉత్తరాన నంది, స్కందగిరి, మాకళిదుర్గ, తూర్పున కోలార్ దగ్గర అంతరగంగ, పడమర సావనదుర్గ, వాయవ్యంలో శివగంగ, దేవరాయనదుర్గ, నైరుతిలో రామనగర గుట్టలు. బెంగళూరే సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. కాబట్టి నంది ఎత్తు 1,478 మీటర్లు అని చదివి భయపడొద్దు, మీరు కాలితో ఎక్కేది దాదాపు 500 మీటర్లే. తెల్లారేసరికి కొండ కింద ఉంటే మధ్యాహ్న భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు.

మాకు అస్సలు అలవాటు లేదు. మొదటిసారి ఏ కొండ ఎక్కితే మంచిది?

నా మాట వింటే రామనగరలోని రామదేవర బెట్టతో మొదలుపెట్టండి. మెట్లున్నాయి, పైన రాముడి గుడి ఉంది, గంటలోపే ఎక్కేస్తారు. ఊపిరి ఎక్కడ అందట్లేదో, మోకాళ్లు ఏమంటున్నాయో ఆ ఒక్క గంటలో తెలిసిపోతుంది. 2012లో దీన్ని రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. మన దేశంలో దాదాపు కనుమరుగైపోయిన పొడుగుముక్కు రాబందులు ఈ బండల అంచుల్లో గూళ్లు పెట్టుకుంటాయి. అందుకే అక్కడ పాటలు పెట్టకండి, కేకలు వేయకండి. గుడి దారి దాటి పక్క బండలెక్కే ప్రయత్నం అసలే వద్దు.

రెండోసారికి అంతరగంగ లేదా స్కందగిరి. సావనదుర్గ మూడోదో నాలుగోదో కావాలి.

నందికి కారులోనే పైదాకా వెళ్లిపోవచ్చు కదా, నడవడం ఎందుకు?

శని, ఆదివారాల్లో ఆ ఘాట్ రోడ్డు మీద క్యూలో కూర్చున్నవాళ్లకి జవాబు తెలుసు. సూర్యోదయం చూద్దామని నాలుగింటికి లేచి వచ్చి, కారు అద్దంలోంచి ముందున్న బండి వెనక లైట్లు చూసి వెనక్కి వెళ్లినవాళ్లు ఎందరో. సుల్తాన్‌పేట వైపునుంచి పాతకాలపు రాతి మెట్లదారి ఉంది. చెట్ల నీడలో, మధ్యమధ్య కోట గుమ్మాలు దాటుకుంటూ పైకి చేరుతుంది. దిగాక కింద నంది గ్రామంలో భోగనందీశ్వరాలయం తప్పకుండా చూడండి. వెయ్యేళ్ల పైబడిన గుడి. అక్కడి కల్యాణ మండపం స్తంభాల మీద చెక్కిన చిలుకల్ని, తీగల్ని చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు.

సావనదుర్గ అంత కష్టమా? వీడియోల్లో అందరూ నవ్వుతూ ఎక్కుతున్నారే?

ఎక్కడం కష్టమే కానీ భయం వేయదు. భయం దిగేటప్పుడు మొదలవుతుంది.

సావనదుర్గ 1,226 మీటర్ల ఒకే పెద్ద బండ. ఆసియాలోని అతి పెద్ద ఏకశిలా కొండల్లో ఒకటి. కరిగుడ్డ, బిళిగుడ్డ అని రెండు శిఖరాలు. అంటే నల్లకొండ, తెల్లకొండ. పట్టుకోవడానికి చెట్టు ఉండదు, నీడ ఉండదు. కొన్నిచోట్ల వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే నాలుగు కాళ్ల మీద ఎక్కాల్సి వస్తుంది. ఎండిన బండ షూని బాగానే పట్టి ఉంచుతుంది. తడిసిందా, పల్చటి నల్లనాచు సబ్బులా మారిపోతుంది.

రెండేళ్ల కిందట సెప్టెంబరులో మా బావమరిది, నేను వెళ్లాం. రాత్రి కురిసిన వాన తెల్లారి ఆగిపోయింది, బండ ఆరినట్టే కనిపించింది. దిగేటప్పుడు వాడి కాలు ఒక నల్లటి చార మీద పడింది. అది నీడ అనుకున్నాడు, తడి నాచు. పదిహేను అడుగులు కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారిపోయాడు. రెండు అరచేతులూ చెక్కుకుపోయాయి. అడుగున చిన్న గుంత ఉండబట్టి ఆగాడు. ఆ తర్వాత అరగంట ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ రోజునుంచి నాకు ఒకటే నియమం: ముందురోజు వాన పడితే సావనదుర్గ పేరెత్తను.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? ఎంత వయసు ఉండాలి?

వయసు కంటే అలవాటు ముఖ్యం. రోజూ పరుగెత్తి ఆడుకునే ఆరేళ్ల పిల్ల శివగంగ మెట్లు మనకంటే ముందు ఎక్కేస్తుంది. ఎత్తుకుని తీసుకెళ్దాం అనుకునే వయసు పిల్లల్ని మాత్రం బండ కొండలకి తీసుకెళ్లొద్దు. చంకలో పిల్లాడుంటే మన కాళ్లెక్కడ పడుతున్నాయో కనిపించదు.

శివగంగ పిల్లలకి చాలా నచ్చుతుంది. ఒళకల్లు తీర్థం దగ్గర రాతిలో ఉన్న చిన్న గుంతలోకి చెయ్యి పెట్టి నీళ్లు తగులుతాయా లేదా అని చూడటం వాళ్లకి పెద్ద పండుగ. గంగాధరేశ్వరుడి లింగానికి రాసిన నెయ్యి వెన్నగా మారుతుందని భక్తుల నమ్మకం. పై భాగంలో మెట్లు నిటారుగా ఉంటాయి, కొన్నిచోట్ల ఇనుప కమ్మీలు పట్టుకునే ఎక్కాలి. పిల్లలు ముందు, పెద్దవాళ్లు వెనక. దిగేటప్పుడు దీనికి తిరగేసి, పెద్దవాళ్లు ముందు ఉండాలి.

అమ్మానాన్నలు ఊరినుంచి వచ్చారు. మోకాళ్ల నొప్పులు. వాళ్లకి ఏం చూపించాలి?

దేవరాయనదుర్గ. తుమకూరు దగ్గర. కారు చాలా ఎత్తువరకు వెళ్తుంది, భోగ నరసింహస్వామి, యోగ నరసింహస్వామి ఆలయాలున్నాయి. కింద నామద చిలుమె అనే ఊట ఉంది. వనవాసంలో రాముడు బాణం వేసి తెప్పించిన నీళ్లని స్థలపురాణం. పెద్దవాళ్లకి గుడీ చూసినట్టుంటుంది, అడవి గాలీ తగులుతుంది. శివగంగ పైదాకా మాత్రం వాళ్లని ఎక్కించే ప్రయత్నం చేయకండి.

ఏ నెలల్లో వెళ్తే బాగుంటుంది?

నవంబరునుంచి ఫిబ్రవరి మధ్యదాకా. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలు గట్టిగా పడతాయి. మార్చి నుంచి బండలు కాలిపోతాయి, గడ్డి ఎండి నిప్పు భయం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములు, పిడుగులు. జూన్, జూలైల్లో చినుకులు, చల్లగాలి, పచ్చదనం బాగుంటాయి. అప్పుడు మెట్లున్న కొండలకే వెళ్లండి.

మబ్బులు కాళ్ల కింద కనిపించే ఫొటోలు చూశాం. ఎప్పుడు వెళ్తే అలా కనిపిస్తుంది?

నంది, స్కందగిరి రెండూ దీనికి పేరుపొందాయి. మీరు ఫొటోల్లో చూసేది చాలావరకు పొగమంచు. ఆకాశం తేటగా ఉన్న చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. ఆ చల్లటి, తేమగాలి పల్లపు పొలాల్లో, చెరువుల మీద చేరి మంచుగా పేరుకుంటుంది. కొండ కొన మాత్రం దానికి పైన ఉంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే అంతా చెదిరిపోతుంది. అందుకే ఎనిమిది దాటాక వెళ్లినవాళ్లకి ఏమీ కనిపించదు. జనవరిలో ఆరూ నలభై దాటాక గానీ సూర్యుడు రాడు, కాబట్టి టైమ్ దొరుకుతుంది. వాన పడిన రెండు మూడు రోజులకి, గాలి లేని రోజు చూసుకుని వెళ్తే అవకాశం ఎక్కువ. మూడుసార్లు వెళ్తే ఒకసారి దొరికింది నాకు.

## అనుమతులు, ప్రయాణం

టికెట్, పర్మిషన్ కావాలా? ఊరికే వెళ్లి ఎక్కేయకూడదా?

అటవీ శాఖ కిందున్న దారులకి కావాలి. స్కందగిరి, సావనదుర్గ, అంతరగంగ లాంటి వాటికి కర్ణాటక ప్రభుత్వపు ఆన్‌లైన్ బుకింగ్ ఉంది. శని, ఆదివారాల టికెట్లు ముందే అయిపోతాయి, శుక్రవారం రాత్రి చూస్తే దొరకవు. బుధవారానికల్లా చేసుకోండి. టికెట్ మీద ఉన్న పేరుకి సరిపోయే గుర్తింపు కార్డు వెంట ఉండాలి.

ఈ నియమాలు ఊరికే పుట్టలేదు. 2024 జనవరిలో రిపబ్లిక్ డే సెలవులకి పడమటి కనుమల్లోని కుమార పర్వతం దగ్గర ఒకేసారి వేలమంది చేరిపోయారు. ఆ తర్వాతే ఆన్‌లైన్ బుకింగ్ లేని దారుల్లో ట్రెక్కింగ్ ఆపేసి, మనుషుల సంఖ్యకి పరిమితి పెట్టారు. అడవి తట్టుకోగలిగినంతమందే వెళ్లాలి, నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అగ్ని ప్రమాదాల కాలంలో, భారీ వానల్లో దారులు మూసేస్తుంటారు. వెళ్లే వారంలో ఒకసారి సరిచూసుకోండి.

నైట్ ట్రెక్ అని ప్రకటనలు వస్తున్నాయి. వెళ్లొచ్చా?

ప్రభుత్వ బుకింగ్ సైట్ ఏ సమయం చూపిస్తే ఆ సమయంలో మాత్రమే. కొన్నిచోట్ల తెల్లారకముందే ఎక్కనిస్తారు, గైడు తోడుగా వస్తాడు. అది చాలు, సూర్యోదయం అందుతుంది. అర్ధరాత్రి ఎవరో ఒకరు పక్కదారిలో తీసుకెళ్తాం అంటే ఒప్పుకోకండి. ఎలుగుబంటి, చిరుత తిరిగే వేళ అది. పైగా పట్టుబడితే కేసు మీ మీద.

కారు లేదు, బైకూ లేదు. బస్సు, రైల్లో వెళ్లగలమా?

వెళ్లగలరు. రామనగరకి మైసూరు లైన్లో రైళ్లు చాలా ఉన్నాయి, స్టేషన్ నుంచి ఆటో. చిక్కబళ్లాపుర, కోలార్, మాగడి వైపు మెజెస్టిక్ నుంచి బస్సులు దొరుకుతాయి. అంతరగంగ కోలార్ ఊరికి ఆనుకునే ఉంది కాబట్టి బస్సు మీద ఆధారపడేవాళ్లకి అన్నిటికంటే సులువు. సావనదుర్గకి మాగడిలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆటో దొరకడం కష్టం. అందుకే అదే ఆటో అన్నని మళ్లీ ఎన్నింటికి రమ్మనాలో అప్పుడే చెప్పి, ఫోన్ నంబరు తీసుకోండి.

మాకళిదుర్గకి హిందూపురం వెళ్లే లైన్లోనే స్టేషన్ ఉంది. ఆ పట్టాల వెంట నడిచి ఫొటోలు తీసుకోవడం చాలామందికి అలవాటైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. అది రైళ్లు తిరిగే లైను, మలుపుల్లో వెనకనుంచి వచ్చే రైలు చప్పుడు గాలికి వినబడదు.

కన్నడ రాదు. దారి అడగడానికి ఇబ్బంది పడతామా?

చిక్కబళ్లాపుర, కోలార్ జిల్లాల్లో అస్సలు పడరు. అక్కడి పల్లెల్లో చాలా ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే. చింతామణి దగ్గరి కైవారంలో వెలసిన యోగి నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పిన నేల అది. స్కందగిరి కింద దోసకాయ ముక్కలకి ఉప్పూకారం అద్ది అమ్మే ఒక పెద్దావిడ ఉండేది. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని "ఏ ఊరు నాయినా? నీళ్లు పెట్టుకున్నారా?" అని అడిగింది. లేవంటే తన బిందెలోంచే పోసిచ్చింది, డబ్బులు తీసుకోలేదు.

రామనగర, మాగడి వైపు నాలుగు కన్నడ మాటలు నేర్చుకుని వెళ్లండి. "దారి యావ కడె?" అంటే దారి ఎటు అని. "నీరు సిగుత్తా?" అంటే నీళ్లు దొరుకుతాయా అని. ఉచ్చారణ తప్పినా పర్లేదు, నోరు తెరిచి అడిగినందుకే ముఖాలు విచ్చుకుంటాయి.

మేం ఇద్దరం ఆడపిల్లలమే. వెళ్లొచ్చా?

వెళ్లే అమ్మాయిలు చాలామంది ఉన్నారు. నంది, శివగంగ, రామదేవర బెట్టల్లో ఉదయంపూట జనం ఉంటారు. వారంమధ్య రోజుల్లో నిర్మానుష్యంగా ఉండే మాకళిదుర్గ, హుత్రిదుర్గ లాంటివి నలుగురైదుగురితో వెళ్లేప్పటికి ఉంచుకోండి. ఏ కొండకి, ఎన్నింటికి, ఎవరితో వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పండి. దిగగానే ఫోన్ చేయండి. ఈ మాట మగపిల్లలకీ వర్తిస్తుంది.

డబ్బు కట్టి ట్రెక్కింగ్ గ్రూపులతో వెళ్లడం మంచిదా?

మొదటిసారి అయితే మంచిదే, కానీ మూడు విషయాలు అడిగాకే డబ్బు కట్టండి. ఎంతమందికి ఒక లీడరు? అటవీ శాఖ టికెట్ వాళ్లే తీస్తారా, మన పేరు మీద ఉంటుందా? ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఎవరి దగ్గర ఉంటుంది? ఒకసారి నేను వెళ్లిన గ్రూపులో నలభైమందికి ఒక్కడే కుర్రాడు. అతను ముందు నడుస్తున్నాడు. వెనక ఒకమ్మాయి కళ్లు తిరిగి కూర్చుండిపోతే అతనికి తెలిసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. చివర నడిచే మనిషి ఎవరు అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ గ్రూపు వద్దు.

## బ్యాగు సర్దుకునేటప్పుడు

ట్రెక్కింగ్ షూస్ కొనాలా? మామూలు స్పోర్ట్స్ షూస్ చాలవా?

మెట్ల కొండలకి చాలతాయి. బండ కొండలకి అడుగు నున్నగా అరిగిపోని, రబ్బరు మెత్తగా ఉన్న షూ కావాలి. ఇంట్లో రెండు మూడేళ్లు అటక మీద పడున్న షూ వేసుకుని వెళ్లకండి. వాడకపోయినా లోపలి జిగురు, ఫోము పొడిగా అయిపోతాయి. మా స్నేహితుడికి స్కందగిరి సగంలో కుడికాలి సోల్ మొత్తం నోరు తెరిచింది. ఇంకో వంద అడుగులకి ఊడి చేతికొచ్చింది. లేసు తీసి చుట్టి కట్టుకుని, కుంటుకుంటూ దిగాడు. వెళ్లే ముందురోజు షూ రెండు చేతులతో వంచి చూడండి, అంచుల్లో చీలిక కనిపిస్తే పక్కన పెట్టేయండి. బొటనవేలి గోళ్లు కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకి తోసుకుని గోరు నల్లబడుతుంది.

ఎన్ని నీళ్లు తీసుకెళ్లాలి?

మనిషికి కనీసం 2 లీటర్లు, ఎండ ఉంటే 3. ఒక బాటిల్ నిండుగా ఉండగానే కొండ కొన చేరాలి. సగం నీళ్లు దిగడానికి అని లెక్క. కొండమీద కనిపించే గుంతల్లో, కోనేళ్లలో నీళ్లు తాగకండి.

తినడానికి ఏం పెట్టుకోవాలి?

మనింటి పులిహోరని మించింది లేదు. చింతపండు, ఉప్పు, నూనె, వేరుశనగపప్పు అన్నీ చెమటపట్టిన ఒంటికి కావలసినవే, మధ్యాహ్నందాకా పాడవదు. వేరుశనగ చిక్కీ, అరటిపళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు చాలు. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది. ఎక్కేముందు కడుపునిండా దోసెలు తినేసి వెళ్లకండి, సగం దూరంలో వాంతి వచ్చినట్టుంటుంది. పులిహోర ఆకులో కట్టుకెళ్లినా ఆ ఆకుని కిందికి తీసుకురండి. కోతులు దానికోసం ప్లాస్టిక్‌తో సహా నమిలేస్తాయి.

ఇంకేమైనా మర్చిపోకూడనివి?

టార్చిలైటు, టోపీ, చిన్న టవల్, క్రేప్ బ్యాండేజీ, మీరు రోజూ వేసుకునే మాత్రలు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ బ్యాగులో కాకుండా జేబులో పెట్టుకోండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, కాబట్టి చేతిసంచులు వద్దు.

## కొండ మీద ఉన్నప్పుడు

కాసేపటికే ఆయాసం వస్తోంది. నాకు చేతకాదేమో?

మొదటి ఇరవై నిమిషాలు అందరికీ అంతే. ఒంట్లో వేడి పుట్టి, ఊపిరి కుదురుకునేదాకా ఇబ్బందిగా ఉంటుంది. మాట్లాడుతూ నడవగలిగే వేగంలో నడవండి. మాట ఆగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు. ఛాతీలో నొప్పి, ఎడమచెయ్యి లాగడం, చల్లచెమట ఉంటే మాత్రం అది ఆయాసం కాదు. అక్కడే కూర్చుని సాయం పిలవండి.

దారి తప్పితే ఏం చేయాలి?

ఆగండి. చివరిసారి గుర్తు చూసిన చోటికి వెనక్కి నడవండి. సావనదుర్గ బండమీద తెల్ల బాణాలుంటాయి. అవి కనిపించక ఐదు నిమిషాలైతే మీరు దారిలో లేరన్నమాట. కింద ఊరు కనిపిస్తోంది కదా అని అటువైపు నేరుగా దిగడం అన్నిటికంటే ప్రమాదం. పైనుంచి వాలుగా కనిపించిన బండ చివర నిట్టనిలువుగా తెగిపోతుంది, అక్కడినుంచి మళ్లీ పైకి రాలేరు. బయల్దేరేముందే ఫోన్‌లో ఆ ప్రాంతం మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి.

దిగేటప్పుడు కాళ్లు వణుకుతున్నాయి. ఎలా?

పాదం మొత్తం బండకి ఆనించి, మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్న అడుగులు వేయండి. భయంతో వెనక్కి వాలతాం, దానివల్లే కాలు జారుతుంది. బరువు పాదాల మీదే ఉండాలి. మరీ నిటారుగా ఉంటే కూర్చుని, చేతులు ఆనించి దిగండి. అందులో చిన్నతనమేమీ లేదు, నేనిప్పటికీ రెండుచోట్ల కూర్చునే దిగుతాను.

సగంలో వాన మొదలైతే?

పైకి వెళ్లకండి. సన్నచినుకే అయినా బండ కొండమీద వెంటనే దిగడం మొదలుపెట్టండి. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. కొన మీద, ఒంటరి చెట్టుకింద, ఇనుప కమ్మీల దగ్గర, చిన్న గుహ నోటి దగ్గర నిలబడొద్దు. పల్లానికి వచ్చేయండి. బండ అప్పటికే తడిసిపోయి దిగడం కుదరకపోతే, కొనకి దూరంగా ఉన్న చోట విడివిడిగా కూర్చుని ఆగండి. వాన వెలిశాక ఎండ గంటసేపు కాస్తే బండ చాలావరకు ఆరుతుంది.

కోతులు బ్యాగులు లాక్కుంటున్నాయట?

శివగంగ, నంది రెండుచోట్లా. ప్లాస్టిక్ కవరు చప్పుడు వింటే చాలు, వచ్చేస్తాయి. తిండి బ్యాగులోపలే ఉంచండి, చేతిలో బాటిల్ పట్టుకుని నడవకండి. లాగితే వదిలేయండి. పెనుగులాడితే కరుస్తుంది, ఆ తర్వాత రేబిస్ ఇంజక్షన్లు.

తేనెపట్లు చూశాం, ప్రమాదమా?

చాలా. నేను చిరుతకంటే వీటికే ఎక్కువ భయపడతాను. బండల అంచుల కింద చాపల్లా వేలాడే పెద్ద తేనెపట్లు ఉంటాయి. అటువైపు రాయి వేయడం, పొగ పెట్టడం, డ్రోన్ ఎగరేయడం చేయకండి. ఘాటైన సెంటు కొట్టుకుని వెళ్లొద్దు. ఈగలు లేస్తే చేతులు ఊపుతూ నిలబడకండి. ముఖం, మెడ టవల్‌తో కప్పుకుని, కాళ్ల కింద చూసుకుంటూ వీలైనంత దూరం వెళ్లిపోండి. ముళ్లని గోటితో గీరి తీసేయండి. పెదాలు వాచినా, ఊపిరి బిగుసుకున్నా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

చిరుతలు, ఎలుగులు, ఏనుగులు ఉంటాయా?

రామనగర, సావనదుర్గ, దేవరాయనదుర్గ అడవుల్లో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. వెలుతురున్నప్పుడు, మాట్లాడుకుంటూ గుంపుగా నడిచేవాళ్లకి అవి ఎదురుపడటం అరుదు. గుహల్లోకి తొంగి చూడకండి. కనకపుర దగ్గర బిళికల్ రంగస్వామి బెట్ట, బన్నేరుఘట్ట వైపు ఏనుగుల దారులు. అక్కడికి అటవీ శాఖ అనుమతి, స్థానిక గైడు లేకుండా వెళ్లనే వద్దు. ఏనుగుముందు మన పరుగు చాలదు.

## ఏదైనా జరిగితే

కాలు బెణికింది, నడవలేకపోతున్నా. ఏం చేయాలి?

షూ వెంటనే విప్పకండి. విప్పితే వాచిపోయి మళ్లీ ఎక్కదు. కాసేపు కూర్చుని, నాలుగడుగులు వేసి చూడండి. బరువు ఆనించగలిగితే షూ పైనుంచే క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టి, ఇద్దరి భుజాల సాయంతో నిమ్మళంగా దిగండి. అస్సలు ఆనించలేకపోతే విరిగిందేమో అనుకోవాలి. మోయడానికి సాయం పిలిపించండి. అప్పటిదాకా ఒకరు పక్కనే ఉండాలి.

పాము కరిస్తే?

గట్టిగా కట్టు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి. ఉంగరాలు, గడియారం, కాలిపట్టీలు తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దించండి. నాటుమందు దగ్గర ఆగకుండా తాలూకా లేదా జిల్లా ఆసుపత్రికి. విషానికి విరుగుడు ఇంజక్షన్ అక్కడే దొరుకుతుంది. పాముని పట్టుకోవాలని, చంపి తీసుకెళ్లాలని ప్రయత్నించొద్దు.

ఎండదెబ్బ అని ఎలా గుర్తుపట్టాలి?

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం మొదటి గుర్తులు. నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా ఇవ్వండి. మనిషి అర్థంలేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది ప్రాణం మీదికొచ్చే విషయం. బట్టలు వదులుచేసి, ఒంటిమీద నీళ్లు పోసి, విసురుతూ కిందికి దించే ఏర్పాటు చేయాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. మార్చి దాటాక పదిన్నర, పదకొండుకల్లా కొండ దిగేసి ఉండాలి.

సాయానికి ఎవరికి ఫోన్ చేయాలి?

112 కి. అంబులెన్సుకి 108. టికెట్ కౌంటరు దగ్గరున్న అటవీ సిబ్బంది నంబరు ఎక్కేముందే రాసుకోండి, వాళ్లే అందరికంటే ముందు చేరుకుంటారు. సిగ్నల్ కొన మీద కంటే పల్లంలో తక్కువగా ఉంటుంది. ఫోన్ బ్యాటరీని పాటలకి, వీడియోలకి ఖర్చుపెట్టేయకండి.

## తిరిగొచ్చాక

రెండోరోజు మెట్లు దిగలేకపోతున్నా. మామూలేనా?

మామూలే. ఎక్కినందుకంటే దిగినందుకు తొడలు ఎక్కువ నొప్పి పెడతాయి, రెండోరోజు ఇంకా ఎక్కువ. పడుకుని ఉండకుండా నెమ్మదిగా నడవండి, నీళ్లు తాగండి. మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. కీలు దగ్గర వాపు ఉంటే, లేదా మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే డాక్టరుకి చూపించుకోండి.

ఈ రాళ్లు ఇంత నున్నగా, గుండ్రంగా ఎలా అయ్యాయి?

రామనగర పాత పేరు క్లోజ్‌పేట. ఆ పేరుతోనే ఈ రాయిని క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల గట్టిపడిన రాయి, పైనున్న నేల కోసుకుపోయాక బయటపడింది. బరువు తగ్గేసరికి పైపొరలు ఉల్లిపొరల్లా విడిపోతూ వచ్చాయి. సావనదుర్గ మీద చేత్తో తట్టి చూడండి, కొన్నిచోట్ల డొల్ల చప్పుడు వస్తుంది. అది విడిపోతున్న పొర, దాని అంచుమీద నిలబడకండి.

పెన్నా నది పుట్టింది నంది కొండల్లోనే అంటారు, నిజమా?

నిజమే. నంది కొండల వరసలో చెన్నకేశవ కొండ దగ్గర పుట్టి, హిందూపురం మీదుగా అనంతపురం, కడప దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే ఉత్తర పినాకిని మన పెన్నా. 597 కిలోమీటర్లు. పాపాఘ్ని కూడా చిక్కబళ్లాపుర జిల్లాలోనే పుట్టి కడప జిల్లాలో పెన్నాలో కలుస్తుంది. స్కందగిరి కింద పాపాఘ్ని మఠం పేరు చూసి కడపవాళ్లు ఆగిపోతారు. పాలారు, అర్కావతి, దక్షిణ పినాకిని కూడా ఈ చుట్టుపక్కలవే. మా అమ్మని మొదటిసారి నందికి తీసుకెళ్లినప్పుడు ఈ మాట చెప్పాను. నెల్లూరులో పెన్నా ఒడ్డున పెరిగిన మనిషి. వాన వెలిసిన పూట రాళ్ల మధ్యనుంచి వేలెడు ధార జారుతోంది. వంగి, చేత్తో అందుకుని కళ్లకద్దుకుంది.

ఇవన్నీ ఎక్కేశాం. తర్వాత ఏంటి?

ముందు మధుగిరి. బెంగళూరుకి 100 కిలోమీటర్లు, కోటతో ఉన్న ఏకశిల. మనవైపు వెళ్లాలనుంటే 1565 తర్వాత విజయనగర రాజుల రాజధాని అయిన పెనుకొండ ఉంది, రైలు కూడా అక్కడే ఆగుతుంది. మదనపల్లె దగ్గర హార్స్లీ హిల్స్ ఉన్నాయి. ఆ తర్వాత పడమటి కనుమలు: కొడగులో తడియాండమోళ్ 1,748 మీటర్లు, కుక్కె సుబ్రహ్మణ్య దగ్గర కుమార పర్వతం 1,712, చిక్కమగళూరులో కర్ణాటకలోకెల్లా ఎత్తైన ముళ్లయ్యనగిరి 1,930. మొదట తడియాండమోళ్‌కి వెళ్లండి, ఒక్కరోజులో దిగి రావచ్చు. కుమార పర్వతం చాలా పొడవు, రోజంతా ఎక్కడమే. వానాకాలంలో ఆ అడవుల్లో జలగలు ఉంటాయి. పొడవాటి సాక్సులు వేసుకుని, ప్యాంటు వాటి లోపలికి దోపుకోండి. పట్టుకుంటే లాగకుండా గోటితో పక్కకి నెట్టండి, ఊడిపోతుంది.